మొసళ్ల మడుగుకు... మెల్లగా రండి!

గోదారి ఒడ్డున అడవి. అడవిని ఒరుసుకుంటూ లోతైన మడుగు. ఆ మడుగులో మొసళ్లు. మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లేవాళ్లలో చాలామంది ఈ చోటుకు కాస్త దూరం నుంచే దాటిపోతుంటారు. ఈ ఆదివారం బండి అటు తిప్పుదాం.

గజేంద్రమోక్షం వినని తెలుగిల్లు ఉండదు. ఏనుగు కాలు పట్టుకుని నీళ్లలోకి లాగిన మొసలంటే పిల్లలకు భయం, పెద్దలకు కోపం. విష్ణుమూర్తి చక్రం దాని తల తెంచగానే 'అమ్మయ్య' అనుకుంటాం. అయితే ఆ మొసలి హూహూ అనే గంధర్వుడని, దేవలుడి శాపంతో మడుగులో పడి ఉన్నాడని, చక్రం తగలగానే అతడికీ విముక్తి దొరికిందని మాత్రం అంతగా గుర్తుపెట్టుకోం. ఏనుగుకు దక్కిన జాలిలో పావు వంతు కూడా మొసలికి దక్కలేదు పాపం!

కథలో సంగతి సరే. నిజం మొసలి ఎలా ఉంటుంది? జూలో సిమెంటు తొట్టి పక్కన కదలకుండా పడి ఉండేది కాదు... తన నదిలో తనకు నచ్చినట్టు బతికే మొసలి? చూడాలనుకుంటే శివ్వారం వెళ్లాలి.

ఇటు ఆదిలాబాద్, అటు కరీంనగర్

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో ఉంది శివ్వారం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు రాకముందు ఇది ఆదిలాబాద్ జిల్లా. గోదావరికి అవతలి ఒడ్డున మంథని ప్రాంతం. అది అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి. రెండు జిల్లాల మధ్య గీత గీసినట్టు పారే గోదారి ఇక్కడ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. ఎండాకాలంలో మిగతా చోట్ల నది పాయలు పాయలుగా చీలి, ఇసుకే ఎక్కువ కనిపిస్తున్నా ఇక్కడి మడుగులో నీరు నిలిచే ఉంటుంది. జనం దీన్ని ఎల్ మడుగు అంటారు. మొసళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే. మునగడానికి లోతు, పడుకోవడానికి ఇసుక, తినడానికి చేపలు, దాక్కోవడానికి ఒడ్డు.

అందుకే 1978లో ఈ నదీ తీరాన్నీ, దాన్ని ఆనుకున్న అడవినీ కలిపి వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యాల లెక్కలో ఇది చిన్నదే. దానికి ఎగువన, జన్నారం వైపు పరుచుకున్న కవ్వాల్ పులుల అభయారణ్యంలో ఒక్క కోర్ ప్రాంతమే 890 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. చెన్నూరుకు అవతల ప్రాణహిత అభయారణ్యం 136 చదరపు కిలోమీటర్లు. 1980లో ఏర్పాటైన ఆ అడవి కృష్ణజింకలకు పేరు. ఈ పెద్దన్నల మధ్య శివ్వారం బుజ్జి తమ్ముడన్నమాట. కానీ మొసలి విషయంలో మాత్రం పేరు తమ్ముడిదే!

ఇక్కడి అడవి మన ఉత్తర తెలంగాణ మార్కు అడవే. టేకు ఎక్కువ. మధ్యమధ్య నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగు. హోలీ నాటికి ఆకు రాల్చిన కొమ్మల మీద మోదుగుపూలు నిప్పు రాజేసినట్టుంటాయి. ఆ తర్వాత ఇప్పపువ్వు రాలుతుంది. ఎండలు ముదిరితే తునికాకు కోతకు ఊళ్లకు ఊళ్లే అడవిబాట పడతాయి. చుక్కల దుప్పులు, నీలుగాయిలు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, కొండచిలువలు ఈ అడవి వాసులు. అదృష్టం బాగుంటే కొన్ని కనిపిస్తాయి. ఎలుగుబంటి విషయంలో మాత్రం కనిపించకపోవడమే అదృష్టం!

చప్పుడు చేస్తే చెల్లు

ఇంత దూరం వచ్చాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "బాపూ, మొసలి ఏడున్నది?"

దానికి సమాధానం చెప్పడం అంత సులువు కాదు. ఎందుకంటే మీరు దాన్ని చూడకముందే అది మిమ్మల్ని చూసేసి ఉంటుంది. మొసలి కళ్లు, ముక్కుపుటాలు, చెవులు మూడూ తల పైభాగాన ఒకే వరసలో ఉంటాయి. ఒళ్లంతా నీళ్లలో ముంచి ఆ వరస ఒక్కటి పైకి పెట్టిందంటే చాలు... చూడొచ్చు, వినొచ్చు, ఊపిరి తీయొచ్చు. ఒడ్డు మీద ఉన్నవాళ్లకు మాత్రం అది తేలుతున్న కర్రముక్కే. పిల్లల కేరింతలు, కారు హారన్, సెల్‌ఫోన్ పాటలు వినిపించాయా... ఆ కర్రముక్క కూడా మాయమవుతుంది.

చూడాలంటే చలికాలం పొద్దుటి పూట వెళ్లాలి. మొసలికి మనలా ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. పొయ్యి పక్కన కూర్చుని చలి కాచుకునే తాతలా రోజూ ఎండ కాచుకోవలసిందే. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండెక్కే వేళకు ఇసుక మీదికో, బండల మీదికో పాకి వస్తుంది. గంటల తరబడి కదలదు. నోరు బార్లా తెరుచుకుని ఉంటే కోపంగా ఉందనుకోవద్దు. ఒంట్లో వేడి ఎక్కువైనప్పుడు నోరు తెరిచి చల్లబరచుకుంటుంది, అంతే.

మన దేశంలో మొసలి జాతులు మూడు. ఉత్తరాది నదుల్లో సన్నమూతి ఘరియల్, సముద్ర తీరపు మడ అడవుల్లో ఉప్పునీటి మొసలి, నదుల్లో చెరువుల్లో మగ్గర్. శివ్వారంలో ఉన్నది ఈ మూడోది. మకరం అన్న మాటే హిందీలో మగర్ అయి, ఇంగ్లీషువాళ్ల నోట్లో మగ్గర్ అయింది. బాగా పెరిగినది నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. వేట లేని రోజుల్లో వారాల తరబడి తిండి లేకుండా ఉండగలదు. చూడటానికి మొద్దులా ఉన్నా బుర్ర మాత్రం చురుకే. పక్షులు గూడు కట్టే కాలంలో మూతి మీద పుల్లలు పెట్టుకుని కదలకుండా నీళ్లలో ఉంటుందట. ఆ పుల్ల కోసం వాలిన కొంగ... ఆ పూట భోజనం! మద్రాస్ క్రోకొడైల్ బ్యాంకులో మగ్గర్లు ఇలా చేయడం గమనించిన శాస్త్రవేత్తలు 2013లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు.

చర్మం కోసం చంపేశారు

యాభై ఏళ్ల కిందట మన దేశంలో మొసలి దాదాపు అంతరించిపోయే దశకు చేరింది. కారణం దాని చర్మమే. చెప్పులకు, సంచులకు, బెల్టులకు గిరాకీ పెరిగి వేటగాళ్లు నదులను ఊడ్చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి మొసలిని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఎంత రక్షణో మొసలికీ అంతే. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్రం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. గుడ్లు సేకరించడం, పొదిగించడం, పిల్లల్ని కాస్త పెద్దయ్యేదాకా పెంచి నదుల్లో వదలడం... ఇదీ పద్ధతి. ఈ పనిలో సిబ్బందికి శిక్షణనిచ్చే కేంద్రం నడిచింది మన హైదరాబాద్‌లోనే. శివ్వారంతో పాటు సంగారెడ్డి దగ్గరి మంజీరా కూడా 1978లోనే అభయారణ్యమైంది. అక్కడా మగ్గర్లే ప్రత్యేకం. ఆ మంజీరా నీళ్లు హైదరాబాద్ కుళాయిల్లోకీ వచ్చాయి. అంటే మొసళ్లు ఈదిన నీళ్లే రాజధాని తాగిందన్నమాట!

తల్లి మొసలి కష్టం

మొసలి కన్నీళ్లు అంటూ ఎద్దేవా చేస్తాం కానీ పిల్లల విషయంలో మొసలి పడే తపన చూస్తే మాట వెనక్కి తీసుకోవలసిందే. వేసవికి కాస్త ముందు ఆడ మొసలి నీటి అంచుకు కాస్త ఎత్తులో, ఎండ తగిలే ఇసుకలో గొయ్యి తవ్వుతుంది. పాతిక ముప్ఫై గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. రెండు నెలలకు అటూ ఇటుగా ఆ చుట్టుపక్కలే కాపలా ఉంటుంది. ఉడుములు, నక్కలు, అడవిపందులు గుడ్ల కోసం కాచుకుని ఉంటాయి మరి.

ఇక్కడో వింత ఉంది. పుట్టేది ఆడో మగో తేల్చేది గుడ్డులో ఉన్నది కాదు, ఇసుకలో ఉన్న వేడి. గూడు 31 డిగ్రీల లోపు ఉంటే ఆడపిల్లలు, 32.5 డిగ్రీల దగ్గర మగపిల్లలు. ఒకటి రెండు డిగ్రీల తేడాతో సంతానమే మారిపోతుంది. పిల్లలు గుడ్డులో నుంచే కిచకిచమని పిలుస్తాయి. ఆ పిలుపు వినగానే తల్లి ఇసుక తవ్వి, పెంకు పగలలేని గుడ్లను నోట్లో పెట్టుకుని సుతారంగా చిట్లిస్తుంది. ఏనుగు కాలు పట్టిందని మనం చెప్పుకునే ఆ దవడల మధ్యే అరచేయంత పిల్లల్ని పెట్టుకుని నీటి దాకా మోస్తుంది. మగ్గర్లలో తండ్రి కూడా ఈ మోత మోయడం చూశారు.

ఇంత చేసినా నూటికి తొంభైకి పైగా పిల్లలు పెద్దవి కావు. కొంగలు, గద్దలు, పెద్ద చేపలు, చివరికి పెద్ద మొసళ్లూ వాటిని మింగేస్తాయి. కాబట్టి ఒక్క గూడు పాడైనా మొసలికి ఆ ఏడాది పోయినట్టే.

నది మారితే...

ఇక్కడే అసలు చిక్కు. మొసలికి నీళ్లు ఎంత అవసరమో, నీటి పక్కన ఇసుకా అంతే అవసరం. గుడ్లు ఇసుకలో ఉన్న రెండు నెలల్లో నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే గూడు మునుగుతుంది. గుడ్డులోని పిల్లకు ఊపిరాడదు. ఇసుక తవ్వేస్తే గూడు పెట్టే చోటే మిగలదు. లారీ చక్రం ఒక్కసారి ఎక్కినా అంతే సంగతి.

గత కొన్నేళ్లలో గోదారి ఈ దారిలో బాగా మారింది. కాళేశ్వరం పథకంలో భాగంగా సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు వచ్చాయి. 2019లో పథకం ప్రారంభమయ్యాక ఎండాకాలంలో కూడా నది నిండుకుండలా కనిపించిన చోట్లున్నాయి. రైతుకు అది పండగే. 2022 జులై వరదల్లో మాత్రం చెన్నూరు, కోటపల్లి మండలాల్లో చేలు మునిగాయి. బ్యారేజీ వెనక నీరే ముంచిందని రైతులు గగ్గోలు పెట్టారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగడంతో బ్యారేజీల గేట్లెత్తి నీళ్లను వదిలేశారు. నిండిన నది మళ్లీ ఇసుక మేటలు వేసింది.

ఇదంతా మనుషుల లెక్క. ఎకరాలు, టీఎంసీలు, కోట్లు. మొసలి లెక్క ఎవరూ అడగలేదు, అది చెప్పనూ లేదు. నీళ్లు రైతుకు వద్దని ఎవరంటారు? అనకూడదు కూడా. కాకపోతే గేట్లు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి, ఇసుక రేవు ఎక్కడ పెట్టాలి అని తేల్చేటప్పుడు ఆ రెండు నెలలూ గుర్తుంచుకుంటే చాలు. ఖర్చు లేని మేలు అది. వందల ఏళ్లుగా ఒడ్డున ఉన్న ప్రాణికి ఆ మాత్రం కిరాయి ఇవ్వలేమా!

వలలో చేప... చేపతో మొసలి

మడుగు పక్కన బతికేది మొసలి ఒక్కటే కాదు. చేపల మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. వలలో పడ్డ చేప కోసం మొసలి వస్తే వల చిరుగుతుంది, ఆ రోజు కూలి పోతుంది. వలలో మొసలే చిక్కితే దాని ప్రాణం పోతుంది. నీళ్లలోనే ఉన్నా దానికి కావలసింది గాలే. పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. ఇద్దరికీ నష్టమే. అభయారణ్యం అన్న బోర్డు పాతినంత మాత్రాన ఈ తగవు తీరదు. పొట్టకూటి కోసం తెప్ప వేసుకుని వచ్చేవాడి మాట వినకుండా మొసలిని కాపాడటం కుదరని పని.

కలిసి బతకడం కుదురుతుందా అంటే గుజరాత్ వైపు చూడాలి. వడోదర నగరం మధ్య నుంచి పారే విశ్వామిత్రి నదిలో మగ్గర్లున్నాయి. వానాకాలంలో వరదొస్తే కాలనీల్లోకీ వస్తాయి. ఆనంద్ జిల్లా చరోతర్ ప్రాంతంలోనైతే ఊరి చెరువుల్లోనే ఉంటాయి. అక్కడివాళ్లు కొలిచే ఖోడియార్ మాత వాహనం మొసలే. అందుకే దాన్ని చంపాలన్న ఆలోచన రాదు. ఏ వేళకు ఏ ఒడ్డున దిగకూడదో పిల్లలకు పెద్దలు నేర్పుతారు. భక్తి సగం, జాగ్రత్త సగం. మన గంగమ్మ వాహనమూ మకరమే కదా... ఆ జాగ్రత్త మనకూ కొత్త కాకూడదు.

కనిపించని తీగలు

నీళ్లలో ముప్పు ఒకటైతే అడవిలో ముప్పు ఇంకోటి. ఉచ్చులు, కరెంటు తీగలు. పంటను పాడుచేసే అడవిపందుల కోసమనో, మాంసం కోసమనో పెట్టిన తీగ దుప్పినీ పులినీ వేరు చేసి చూడదు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులకు కాగజ్‌నగర్, చెన్నూరు అడవులే దారి. వాటిలో కే-4 అని పేరు పెట్టిన ఆడపులి నడుముకు ఉచ్చు తీగ బిగుసుకుపోయి తిరగడం 2019 ప్రాంతంలో పత్రికల్లో వచ్చింది. మత్తు ఇచ్చి తీగ తీద్దామని అటవీ సిబ్బంది ఎంత వెతికినా అది చిక్కలేదు. పులికే దిక్కు లేకపోతే ఇక కుందేలు సంగతి చెప్పాలా! పైగా ఆ కరెంటు తీగ చీకట్లో పశువుల కాపరినీ, పక్క చేను రైతునూ కూడా వదలదు.

రాతిలో పాత చుట్టాలు

పిల్లలతో వెళ్తే చెప్పడానికి ఇంకో కథ ఉంది. ఈ నేల కింద సింగరేణి తవ్వుతున్న బొగ్గు కూడా అడవే. పాతిక కోట్ల ఏళ్ల కిందటి అడవి! ఇంకాస్త పై పొరల్లో ఆసిఫాబాద్ వైపు మలేరి రాళ్లలో పారాసూకస్ అనే ప్రాణి ఎముకలు దొరికాయి. అచ్చం మొసలిలా పొడుగు మూతి, చేపలే తిండి. మొసలికి తాత కాదు, పోలికలున్న దూరపు చుట్టం. అది బతికింది ఇరవై కోట్ల ఏళ్లకు పైమాటే.

చెన్నూరు పక్కనే ఉన్న వేమనపల్లి వైపు, యామన్‌పల్లి దగ్గర మరో పెద్ద జీవి దొరికింది. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పొడుగు మెడ, మొక్కలే ఆహారం. 1988లో జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి దానికి ఆ పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న డైనోసార్ అస్థిపంజరం ఇదే. నౌబత్ పహాడ్ ఎక్కి దాన్ని చూసి 'అబ్బో' అన్న పిల్లల్లో ఎంతమందికి తెలుసు, అది మన ప్రాణహిత ఒడ్డు బిడ్డ అని! అంత పెద్ద డైనోసార్లు పోయాయి. మొసలి కుటుంబం మాత్రం ఆ ప్రళయాన్ని దాటుకుని వచ్చింది. ఆకాశం నుంచి పడిన ఉల్కను తట్టుకున్న ప్రాణి, మనిషి చేతి సంచికీ, ఇసుక లారీకీ, వలకూ తట్టుకోలేకపోతే అది మనకు గొప్ప కాదు.

వెళ్లేముందు...

మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా సిరోంచ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద జైపూర్ వస్తుంది. అక్కడి నుంచి గోదారి వైపు తిరిగితే శివ్వారం. మంచిర్యాల దాకా రైలుంది. అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. మంచిర్యాలలో కనుక్కుని, వీలైతే శాఖ సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది.

నీళ్లు, తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. తెచ్చిన కవర్లు, సీసాలు మళ్లీ ఇంటికే తీసుకురండి. నీటి అంచుకు దూరంగా, ఎత్తు మీద నుంచే చూడండి. కాళ్లు కడగడం, స్నానం చేయడం వద్దు. చీకటి పడేదాకా ఉండొద్దు. కదలని మొసలిని కదిలించడానికి రాయి విసిరే సరదా అసలే వద్దు. బైనాక్యులర్స్ ఉంటే పిల్లలకు పండగే. ముదురు రంగు బట్టలు కాకుండా మట్టిరంగువి వేసుకుంటే ఇంకా మేలు.

రోజంతా మిగిలి ఉంటే చెన్నూరు దాకా వెళ్లండి. అక్కడ గోదారి ఉత్తరం వైపు పారుతుంది. ఉత్తరవాహిని పుణ్యప్రదమని భక్తుల నమ్మకం. అగస్త్యేశ్వరాలయంలో వందల ఏళ్లుగా కొండెక్కని దీపం ఉందని ఊరివాళ్లు చెబుతారు. 2003లో, 2015లో పుష్కరాలకు ఈ రేవులు జనంతో నిండాయి. మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది నదికి దండం పెట్టి, మునిగి, దీపాలు వదులుతారు.

నదిని తల్లి అన్నవాళ్లకు ఆ తల్లి ఒడిలో ఉన్న మిగతా పిల్లలూ గుర్తుండాలి. చెన్నూరు రేవులో ఓ దీపం వదిలేటప్పుడు, కాస్త ఎగువన ఇసుకలో గుడ్లకు కాపలా కాసే ఇంకో తల్లి ఉందని పిల్లలకు చెప్పండి. గజేంద్రుడి కథ చెప్పినప్పుడు హూహూ కథ కూడా కలిపి చెప్పండి. ఆ తర్వాత శివ్వారం తీసుకెళ్తే, చప్పుడు చేయొద్దని వాళ్లకు వేరే చెప్పాల్సిన పనే ఉండదు!